పన్నెండు నల్ల పెన్నులు

610. సాయంత్రం కాలేజీ నుంచి మా చిన్నదాని గ్రాండ్ టెస్టు మార్కుల మెసేజ్ వచ్చేసరికి నేను పొగతోటలో అత్తమ్మ బీపీ మాత్రల కోసం నిలబడి ఉన్నాను. ఆ వీధిలో ఎటు చూసినా డాక్టర్ల బోర్డులే. పేరు, దాని కింద ఎంబీబీఎస్, ఆ పక్కన ఇంకో వరస. అక్కడ నిలబడి అలాంటి నెంబరు చూసుకుంటే ఏ తల్లికైనా కాళ్ళు నేల మీద ఆనవు. నాకు మాత్రం కడుపులో దేవినట్టయింది. పోయినేడు ఏప్రిల్లోనూ ఇలాంటి మెసేజ్‌లే వచ్చాయి. 578, 590, 582. తర్వాత మే 4న మెడిసిన్ సీట్ల కోసం రాసే అసలు నీట్‌లో 720కి 472.

మెసేజ్ కింద ఇంకో లైను ఉంది. 600 దాటిన పిల్లల పాస్‌పోర్టు ఫోటో రేపటికల్లా పంపాలట, ఫ్లెక్సీ వేస్తారట. గ్రాండ్ టెస్టుకి, అంటే కాలేజీ పెట్టే మాక్ టెస్టుకి, ఫ్లెక్సీ! పెళ్ళిచూపులకే పందిరి వేసినట్టుంది. పేరెంట్స్ గ్రూపు తెరిస్తే చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు. ఒకాయన "అందరి పిల్లల మార్కులూ పెట్టండి సార్, పోల్చుకుంటాం" అని అడుగుతున్నాడు. పోయిన వారం కూడా ఈయనే అడిగాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే ఎదురు ఫ్లాటు ఆంటీ తలుపు తీసింది. "ఆరొందలంట కదా, ఇంక సీటు వచ్చేసినట్టే!" ఆమెకి ఎవరు చెప్పారో నాకు తెలుసు. లోపల సోఫాలో కూర్చుని, ఏమీ ఎరగనట్టు సీరియల్ చూస్తోంది అత్తమ్మ.

ఆంటీకి జవాబు చెప్పలేక నవ్వి ఊరుకున్నా. చెప్పాలంటే బోలెడుంది. కాలేజీలో గ్రాండ్ టెస్టు పొద్దున తొమ్మిదికి మొదలవుతుంది. సంక్రాంతి వెళ్ళిన చలి, పైన ఫ్యాను, రోజూ కూర్చునే బెంచీ. పక్కన ఎప్పుడూ ఉండే ఆ కావలి అమ్మాయే. అసలు పరీక్ష మధ్యాహ్నం రెండు నుంచి ఐదు. నెల్లూరులో, మే నెలలో. ఒంటిగంటన్నరకి గేటు మూసేస్తారు కాబట్టి పన్నెండుకే ఎండలో లైన్లో ఉండాలి. పన్నెండుకి ఏం తింటారు, తింటే రెండింటికి నిద్ర రాదా? రెండేళ్ళుగా ఈ పిల్ల మెదడుని పొద్దున తొమ్మిదికి పనిచేయడానికి అలవాటు చేసి, ఆ ఒక్కరోజు మాత్రం మధ్యాహ్నం షిఫ్టుకి రమ్మంటున్నాం.

పేపరూ అంతే. 180 ప్రశ్నలు, బయాలజీ 90, ఫిజిక్స్, కెమిస్ట్రీ నలభై ఐదేసి. ఒప్పుకి నాలుగు, తప్పుకి మైనస్ ఒకటి. లెక్కకి మాక్, అసలు పరీక్ష రెండూ ఒకటే. కానీ మొన్న చిన్నది టెస్టు పేపరు ముందేసుకుని, ఏ ప్రశ్న ఏ సార్ ఇచ్చారో వేలు పెట్టి చెప్పింది నాకు. "ఇది యూనిట్లలో మెలిక పెట్టే సార్‌ది. ఇదేమో మేడమ్‌ది, ఆమె ప్రశ్నలో 'కానిది ఏది' అని ఉంటుంది చూడు." ఇద్దరం నవ్వుకున్నాం కూడా. తర్వాత ఆలోచిస్తే నవ్వు రాలేదు. ఈ పిల్ల ఫిజిక్స్‌తో పాటు ఆ సార్‌ని కూడా చదివేసింది. మే నెల పేపరు ఇచ్చేవాళ్ళు ఎవరో, ఏ మెలిక పెడతారో ఎట్టా తెలుస్తుంది?

పోయినేడు గేటులోంచి బయటికొస్తూ అదన్న మొదటి మాట అదే. "అమ్మా, ఫిజిక్స్ ఎవరో వేరేవాళ్ళు ఇచ్చినట్టుంది."

ఆ రోజు నన్నింకా వదల్లేదు. ముందురోజు రాత్రే దిద్దులు తీద్దామంటే ఎడమ చెవి మర బిగుసుకుపోయింది. సబ్బు రాసి, కొబ్బరినూనె రాసి, చివరికి మావారు పకడు తెస్తానంటే పిల్ల ఏడ్చింది. పరీక్షకి ముందు పిల్ల ఏడవడం అదొక్కటే, అదీ దిద్దు కోసం. పొద్దున్నే రంగనాయకుల గుడికెళ్ళి చేతికి కట్టించిన తాడు గేటు దగ్గర కత్తిరించారు. పొట్టి చేతుల చొక్కా, చెప్పులు, లేబుల్ పీకేసిన నీళ్ళ సీసా, అడ్మిట్ కార్డు, ఫోటోలు. వాచీ లేదు. పెన్ను కూడా లేదు, అది వాళ్ళే లోపలిస్తారు. ఎక్కడికో వట్టి చేతులతో పంపుతున్నట్టుంది నాకు. గేటు మూశాక వేపచెట్టు కింద మేమొక వందమందిమి. ఒకామె విష్ణు సహస్రనామం చదువుతోంది. ఉదయగిరి అవతల నుంచి తెల్లవారుజామునే బయలుదేరి వచ్చిన ఒక పెద్దాయన తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు గానీ కళ్ళు మూయలేదు. మజ్జిగ ప్యాకెట్లు అమ్మే కుర్రాడు ఆ మూడు గంటల్లో మూడుసార్లు వచ్చాడు. మావారు నాలుగున్నర నుంచి అయిదు నిమిషాలకోసారి టైము చెప్పడం మొదలుపెట్టారు, నేనేదో కుక్కర్ పెట్టి వచ్చినట్టు.

ఐదు దాటాక బయటికొచ్చింది. ఫిజిక్స్ గురించి ఆ ఒక్క మాట చెప్పి, చేతులు చూపించింది. చూపుడువేలికి నల్లటి మరక. లోపలిచ్చిన పెన్ను సరిగ్గా రాయలేదట, ఒక్కో బబుల్‌నీ రెండేసి సార్లు రుద్దిందట. బబుల్‌కి మూడు సెకన్లు ఎక్కువ పట్టినా 180కి తొమ్మిది నిమిషాలు. తొమ్మిది నిమిషాల్లో ఎన్ని లెక్కలు చేసేదో.

అందుకే ఇవాళ మాత్రలు తీసుకుని వస్తూ పక్క షాపులో నల్ల పెన్నులు డజను కొన్నాను. ఒకే రకం కాదు, చవకవి, ఒక్కోటి ఒక్కో కంపెనీది. వారం వారం టెస్టుకి ఒకటి మార్చి రాయమన్నాను. చిన్నది వాటినీ నన్నూ మార్చి మార్చి చూసి "అమ్మా, ప్లీజ్" అంది. ఆ ప్లీజ్‌లో ఎన్ని తిట్లున్నాయో తల్లులకి తెలుస్తుంది.

ఇక్కడిదాకా రాసి లేచి నీళ్ళు తాగొచ్చాను. పెన్ను, ఎండ, సార్లు అని తప్పంతా మాక్ టెస్టు మీదకి తోసేస్తున్నాను గానీ, నిజానికి ఇవాళ నన్ను తొలిచింది 610 కాదు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న వివరం. రాసినవి 160, ఒప్పు 154, తప్పు 6. అంటే ఇరవై ప్రశ్నలు వదిలేసింది. పోయినేడు అసలు పరీక్షలో వదిలింది రెండే. 178 పెడితే 130 ఒప్పు, 48 తప్పు. ఆ 48 ఎక్కడివి?

గేటు దగ్గర నేనన్న మాట గుర్తుంది. "ఏదీ వదలకు బంగారం, ఏదోకటి పెట్టేసి రా." నేను ఎంసెట్ రాసిన రోజుల్లో తప్పుకి మార్కులు కోసేవాళ్ళు కాదు. చివరి పది నిమిషాల్లో తెలియనివన్నీ ఒకే వరసలో దిద్దేసి వచ్చేవాళ్ళం. నాకు మెడిసిన్ రాలేదు, అది వేరే సంగతి. అయినా ఆ సలహాని ఇన్నేళ్ళు దాచి పిల్ల చేతిలో పెట్టాను.

రాత్రి అన్నాల దగ్గర ఇదే అంటే మావారు తినడం ఆపి లెక్క చెప్పారు (ఎక్సెల్ షీటు మనిషి కదా). నాలుగు ఆప్షన్లలో కళ్ళు మూసుకుని పెడితే నాలుగింటికి ఒకటి తగలాలి. తగిలితే నాలుగు, పోయిన మూడింటికి మూడు, ఇంకా ఒక మార్కు మిగులుతుంది. "గుడ్డిగా పెట్టినా నష్టం లేదు, నీ సలహా తప్పు కాదు." ప్రాణం లేచొచ్చింది. రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

చిన్నది తలెత్తకుండానే అంది, "కళ్ళు మూసుకుని ఎవరు పెడతారు నాన్నా? సగం తెలిసే పెడతాం. ఆ సగం దగ్గర ఆగినవాళ్ళకి ఏ జవాబు వస్తుందో అది ఆప్షన్లలో రెడీగా పెడతారు." చారు పోసుకుంది. "మాక్‌లో ఏ ఆప్షన్ వలో నాకు తెలుసు. అక్కడ తెలీలేదు."

మావారికి జవాబు దొరకలేదు. అత్తమ్మ మధ్యలో "ఏందే, ఇంతకీ ఎన్నొచ్చినాయే?" అంది, ఊరంతా చాటి వచ్చిన మనిషి.

అలాగని 472ని మరీ పాపం చేసినట్టు చూస్తున్నానేమో కూడా. 2024లో మొదట 67 మందికి 720కి 720 వచ్చాయి, తర్వాత రీటెస్టు, సవరణలు అయ్యి 17 మంది మిగిలారు. 2025లో దేశం మొత్తానికి ఫస్టు వచ్చిన అబ్బాయికి 686. పేపరు అందరికీ కష్టమైతే మార్కు పడిపోతుంది, ర్యాంకు అంతగా పడదు. అంతకుముందు ఏడాది 472తో పోలిస్తే పోయినేటి 472 చాలా నయం. సీటుకి చాలలేదు, అంతే. ఇది నాకు జూన్‌లోనే తెలుసు. తెలిసీ ఏడాదంతా 582 లోంచి 472 తీసేసి ఆ 110 కోసం చిన్నదాని మొహంలో వెతుకుతున్నాను. 582 వేసినవాళ్ళు వేరు, 472 వేసినవాళ్ళు వేరు. ఈ రెండింట్లోంచి తీసివేత చేయడమేంటి? పచ్చళ్ళు తూచిన తక్కెడలో బంగారం తూచినట్టు.

మరి గ్రాండ్ టెస్టులు దండగా అంటే, కావు. ఇరవై ప్రశ్నలు వదిలి లేచి రాగలిగింది ఇవాళ. పోయినేడు మాక్‌లో కూడా వదిలేదనుకోండి. వదలాలని తెలియడం వేరు, మే నెల మధ్యాహ్నం ఆ గదిలో కూర్చుని వదలగలగడం వేరు. దానికి ప్రాక్టీసు ఎక్కడ దొరుకుతుందో తెలీదు. వచ్చే ఆదివారం నుంచి రెండింటికి, ఫ్యాను ఆపి, ఇంట్లోనే ఇంకో పేపరు రాయిద్దామన్నాను. "ఫ్యాను కూడానా? నువ్వూ ఆ గదిలోనే కూర్చో మరి" అంది. కూర్చుంటాను.

ఫోటో పంపలేదు. అడిగితే ఇంట్లో లేదని చెప్తా.

ఇందాక నీళ్ళకి లేచినప్పుడు చూశా, పెన్నుల కట్ట చిన్నదాని టేబుల్ మీంచి ఫ్రిజ్ మీదకి వచ్చింది. లెక్కపెడితే పదకొండే ఉన్నాయి. పాల లెక్క రాయడానికి అత్తమ్మ తీసుకుని ఉంటుంది.