ఒక్క నాటకం పట్టుకుని నెట్ జర్మన్ గట్టెక్కాను

జర్మన్ సాహిత్యంలో పీహెచ్‌డీ సీటు కోసం యూజీసీ నెట్ రాస్తున్నవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మొదటిసారి నాకు రాలేదు. గోథే నవల ‘వెర్థర్’ 1774, లెస్సింగ్ నాటకం ‘నాథన్’ 1779 అంటూ నోట్సు నిండా సంవత్సరాలు రాసుకుని బట్టీ పట్టాను. అసలు పుస్తకాలు వదిలేసి ఇంగ్లీషు సారాంశాలు చదివాను. సబ్జెక్టు మీద ఉండే రెండో పేపర్లో వంద ప్రశ్నలు. రచనలను కాలక్రమంలో పెట్టమన్న చోటల్లా టెన్షన్‌తో ఆగిపోయాను.

రెండోసారి గేయోర్గ్ బ్యూష్నర్ నాటకం ‘వోయ్‌ట్సెక్’ తీసుకున్నాను. జర్మనీలోని రెక్లామ్ ప్రచురణ సంస్థ వేసిన పసుపు అట్ట పుస్తకం, చిన్నదే. మూడు వారాలు దానితోనే కూర్చున్నాను. రోజూ ఒక సీను పైకి చదివేదాన్ని. అందులోని యాస మొదట్లో కొరుకుడు పడలేదు, నోటితో పలికాకే పట్టుబడింది. డబ్బు కోసం డాక్టరు ప్రయోగానికి ఒప్పుకుని బఠాణీలు మాత్రమే తినే ఆ పేద సిపాయిని తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ఆ పాత్రకు ఆధారమైన వోయ్‌ట్సెక్ అనే మనిషి నిజంగానే ఉండేవాడు. ప్రియురాలిని చంపినందుకు 1824లో లైప్‌త్సిగ్‌లో అతని తల నరికారు.

ఇక కాలక్రమం సంగతి. బ్యూష్నర్ 1837లో, 23 ఏళ్లకే టైఫస్‌తో పోయాడు. నాటకం పూర్తి కాలేదు. అది బ్యూష్నర్ రచనల సంపుటిలోకి ఎక్కింది 1879లో, రంగస్థలం మీదికి వచ్చింది 1913లో. రాతప్రతి చదివి ఆ సంపుటి తెచ్చిన ఎడిటర్ ఫ్రాన్‌త్సోస్, నాటకం పేరు ‘Woyzeck’లోని ‘వై’ని ‘జెడ్’ అనుకున్నాడు. అందుకే సంగీతకారుడు ఆల్బన్ బెర్గ్ దీని ఆధారంగా చేసిన 1925 ఒపెరాకి ‘వోట్సెక్’ అనే పేరు. రాసిన ఏడాది అడుగుతున్నారా, అచ్చయిన ఏడాదా అని ప్రశ్నలోనే చూసుకోవాలని నాకు అప్పుడు తెలిసింది. నాటకం రాసినప్పటి ఫోర్మేర్త్స్ (1848 విప్లవానికి ముందటి కాలం), అచ్చయ్యాక వచ్చిన నాచురలిజం, రంగస్థలం ఎక్కినప్పటి ఎక్స్‌ప్రెషనిజం, ఈ మూడు సాహిత్య కాలాలూ ఈ ఒక్క నాటకం కథతోనే గుర్తుండిపోయాయి.

అన్ని సబ్జెక్టులవాళ్లకూ ఒకటే అయిన మొదటి పేపర్‌కి పాత ప్రశ్నపత్రాలు చేసుకోండి. నెగెటివ్ మార్కులు లేవు, ఏదీ వదలకండి.

నాకు జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) రాలేదు, పీహెచ్‌డీకి అర్హత వచ్చింది. ఆ కేటగిరీలో నెట్ స్కోరుకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ. స్కోరు ఏడాదే చెల్లుతుంది కాబట్టి ఫలితాలొచ్చేలోపే ప్రపోజల్ రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూలో ఒక మేడమ్, “సీన్ల వరుస ఎవరు నిర్ణయించారమ్మా?” అని అడిగారు. బ్యూష్నర్ రాతప్రతులు వదిలి వెళ్లాడే గానీ వరుస ఖరారు చేయలేదని, ఎడిటర్ మారితే నాటకం ముగింపే మారుతుందని పావుగంట ఆపకుండా చెప్పాను. ఇప్పుడు నా పరిశోధన దాని మీదే.