బరంపురం బస్తీ ర్యాప్: మాట ఎక్కడ తెగాలి

ఒడిశాలోని బరంపురంలో పారిశుధ్య కార్మికుల వీధుల్లో ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా, ఫోన్లో హిందీ. ర్యాప్ కట్టే కుర్రాళ్లు చాలామంది ముంబై ధారావి బస్తీ ర్యాప్ పాటలు విని ముందు హిందీ నడకే పట్టుకుంటారు. తర్వాత అదే నడకలో తెలుగు మాటలు పోస్తారు. పాట అక్కడే జారుతుంది. హిందీలో "కామ్", "నామ్" హల్లు మీద టక్కున తెగుతాయి, సరిగ్గా స్నేర్ (బీటులో టప్‌మని మోగే డ్రమ్ము) పడేచోట. తెలుగు మాటా ఒడియా మాటా అచ్చుతో సాగుతాయి, దెబ్బ దాటిపోతాయి.

అందుకే స్నేర్ పడే 2, 4 దెబ్బల మీద ద్విత్వాక్షరం ఉన్న మాట పెట్టండి. "గొట్టం, చట్టం, చుట్టం" అనండి, "ట్ట" దానంతటదే డప్పులా మోగుతుంది. "ఊడ్చాడు, కడిగాడు, మోశాడు" ప్రాస కిందికి రాదు, మన క్రియలన్నీ అలాగే ముగుస్తాయి. పద్యంలో రెండో అక్షరానికి పెట్టే ప్రాస ర్యాప్‌కి ఇంతకన్నా బాగా పనికొస్తుంది.

బీటు నిమిషానికి 90 దెబ్బలైతే నాలుగు దెబ్బల లైను 2.67 సెకన్లు, 16 లైన్ల చరణం 43 సెకన్లు. లైనుకు 16 గళ్లు గీయండి. లఘువుకు ఒకటి, గురువుకు రెండు. 14 దాకా నింపి చివరి రెండూ ఊపిరికి వదలండి. ఇవి వదలకపోతే సగం చరణానికే గొంతు తేలిపోతుంది.

రేకుల ఇంట్లో గొంతు గింగురుమంటుంది. మూడు వైపులా బొంతలు కట్టి, ఫ్యాను ఆపి, ఫోను నోటికి జానెడు దూరంలో కాస్త పక్కకు పెట్టండి. ఎదురుగా పెడితే ప, బ, భ పలికినప్పుడు గాలి మైకుకు కొడుతుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ వద్దు. అందులో బీటు ఆలస్యంగా వినిపిస్తుంది, గొంతు వెనకబడుతుంది. డప్పు వేరుగా, ఐదారడుగుల దూరం నుంచి తీయాలి. వానాకాలంలో తోలు తేమకు వదులైపోతుంది, మంట దగ్గర కాచిన వెంటనే వాయించేయాలి.

ఇక అసలు సంగతి, ఏం రాయాలి. కోరాపుట్ నుంచి వచ్చిన ర్యాపర్ సుమీత్ సామోస్ కులం గురించి సూటిగా పాడారు. కలహండి దులేశ్వర్ టాండి 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీల కష్టాన్ని పశ్చిమ ఒడిశాలో మాట్లాడే తన కోస్లీలోనే పాడారు. "మా బతుకు బాధ" అంటే ఎవరి బతుకో తెలియదు. హాజరు ఎన్నింటికి, జీతంలో ఎంత కోత, గ్లౌజులు ఎన్నాళ్లకోసారి, ఇవి రాయండి. రక్షణ సామగ్రి ఇవ్వకుండా మనిషిని మ్యాన్‌హోల్లోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. ఆ సంవత్సరం హుక్కులోనే, అంటే మళ్లీ మళ్లీ వచ్చే పల్లవిలోనే ఉండాలి, పిల్లలకు నోటికి రావాలి. ఇప్పటికీ పనిలో ఉన్నవాళ్ల పేరు, వార్డు మాత్రం వద్దు. పాట మీది, పోయే ఉద్యోగం వాళ్లది.

మిక్సు పూర్తయ్యాక ఇయర్‌ఫోన్‌లో విని సరే అనుకోవద్దు. కుళాయి దగ్గర చిన్న స్పీకర్లో పెట్టి, నీళ్లకొచ్చిన అక్కల్ని ఏం వినిపించిందో అడగండి. వాళ్లకు అందని మాట ఉంటే ఆ లైను మళ్లీ పాడాలి.