ట్రంప్ మళ్లీ వచ్చాక నేటోలో నిజంగా మారింది ఏమిటి

2025 జనవరి 20న డొనాల్డ్ ట్రంప్ రెండోసారి ప్రమాణ స్వీకారం చేసినప్పటి నుంచి టీవీ చర్చల్లో ఒకటే ప్రశ్న తిరుగుతోంది: అమెరికా నేటో నుంచి తప్పుకుంటుందా? ఈ ప్రశ్న పట్టుకుని కూర్చుంటే అసలు సంగతి చెయ్యి జారిపోతుంది. నేటో లాంటి సైనిక కూటమి అంటే సంతకాలు పెట్టిన కాగితం ఒక్కటే కాదు. ఆపద వస్తే ఫలానావాడు ఫలానా సరంజామాతో వస్తాడన్న పూచీ మీద ముందే వేసుకున్న యుద్ధ పథకాలు, ముందే పంచుకున్న పనులు, ముందే కొనుక్కున్న ఆయుధాలు అన్నీ కలిస్తేనే అది కూటమి. ట్రంప్ వచ్చాక కాగితం చెక్కుచెదరలేదు. పూచీ చెదిరింది.

ముందు కాగితం సంగతి చూద్దాం. 1949 ఏప్రిల్ 4న వాషింగ్టన్‌లో 12 దేశాలు సంతకం చేసిన ఒప్పందం చాలా చిన్నది, మొత్తం 14 ఆర్టికల్స్. ఇప్పుడు సభ్యదేశాలు 32. బయటికి పోయే దారి 13వ ఆర్టికల్‌లో ఉంది. నోటీసు ఇచ్చిన ఏడాదికి సభ్యత్వం ముగుస్తుంది. ఆ నోటీసు అందుకోవాల్సింది అమెరికా ప్రభుత్వమే, ఎందుకంటే ఒప్పందం దాఖలు చేసింది అక్కడే. ట్రంప్ మొదటి విడత చూసి భయపడిన అమెరికన్ కాంగ్రెస్, 2023 డిసెంబరులో 2024 రక్షణ చట్టంలో 1250ఏ అనే సెక్షన్ చేర్చింది. సెనేట్‌లో మూడింట రెండొంతుల ఆమోదం గానీ, కాంగ్రెస్ చేసిన చట్టం గానీ లేకుండా అధ్యక్షుడు దేశాన్ని నేటో నుంచి బయటికి తీసుకుపోలేడు. డెమోక్రాట్ టిమ్ కెయిన్‌తో కలిసి దీని కోసం పట్టుబట్టింది రిపబ్లికన్ సెనేటర్ మార్కో రూబియో. ట్రంప్ రెండో విడతలో విదేశాంగ మంత్రి ఆయనే.

అంటే తలుపుకు తాళం పడింది. అయితే పక్కింట్లో దొంగలు పడ్డప్పుడు లేచి రమ్మని ఏ తాళమూ చెప్పలేదు. అందరూ ప్రస్తావించే ఆర్టికల్ 5ను తీరిగ్గా చదివితే ఈ విషయం తెలుస్తుంది. ఒకరి మీద దాడి అందరి మీద దాడి అని మొదలవుతుంది. ఆ తర్వాత, ప్రతి సభ్యదేశం సాయుధ బలంతో సహా తాను అవసరమనుకున్న చర్య తీసుకుంటుందని ఉంటుంది. ఏది అవసరమో తేల్చుకునే హక్కు ఆ దేశానిదే. యుద్ధం ప్రకటించే అధికారం కాంగ్రెస్ చేతిలోంచి జారకూడదని ఆనాడు అమెరికాయే ఈ వదులు కోరింది. ఆ వదులును 75 ఏళ్లపాటు బిగించి ఉంచినవి రెండు: యూరప్ నేల మీద నిలబడ్డ అమెరికా సైన్యం, అధ్యక్షుల నోటి మాట.

అందుకే ఈ వ్యవహారంలో నోటి మాటకు అంత విలువ. 2024 ఫిబ్రవరి 10న దక్షిణ కరోలినా సభలో ట్రంప్, రక్షణకు డబ్బు పెట్టని దేశాలను ఏం చేసుకుంటారో చేసుకోమని రష్యాకు చెబుతానన్నారు. 2025 జూన్ 24న హేగ్‌లో నేటో శిఖరాగ్ర సమావేశానికి వెళ్తూ విమానంలో, ఆర్టికల్ 5కు చాలా నిర్వచనాలున్నాయన్నారు. మర్నాడు సభలో మెత్తబడ్డారు. మెత్తబడినంత మాత్రాన ముందు అన్నది చెరిగిపోదు. మాస్కోలో కూర్చుని లెక్కలు వేసేవాడు రెండు మాటలూ రాసుకుంటాడు. నేటో చరిత్రలో ఆర్టికల్ 5ను వాడింది ఒక్కసారే, 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికా కోసం. ఆ పిలుపు మీద అఫ్గానిస్థాన్ వెళ్లి ప్రాణాలిచ్చిన డేనిష్, బ్రిటిష్, కెనడా సైనికుల కుటుంబాలకు ఈ "నిర్వచనాల" మాట ఎంత గుచ్చుకుంటుందో వేరే చెప్పాలా.

పూచీ చెదరడం అంటే ఏమిటో చేతికి తగిలేలా చూపించింది 2025 మార్చి మొదటి వారం. ఫిబ్రవరి 28న శ్వేతసౌధంలో ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీతో కెమెరాల ముందే వాగ్వాదం జరిగింది. మార్చి 3న ఉక్రెయిన్‌కు ఆయుధాలు ఆపేశారు. రెండు రోజులకు నిఘా సమాచారమూ ఆపేశారు. ఆ సమాచారంలో భాగంగా మాక్సార్ అనే అమెరికన్ కంపెనీ ఉపగ్రహ చిత్రాలను ఉక్రెయిన్ వాళ్లు అమెరికా ప్రభుత్వం నడిపే ఒక పోర్టల్ ద్వారా చూసేవాళ్లు. ప్రభుత్వం ఆ ఖాతాలను నిలిపేసింది. అప్పటికే ఇచ్చిన ఫిరంగులు, రాకెట్ లాంచర్లు ఉన్నచోటే ఉన్నాయి, ఒక్కటీ వెనక్కి తీసుకోలేదు. ఒక లాగిన్ మూసుకుపోయిందంతే. దూరాన ఉన్న లక్ష్యం ఎక్కడుందో కనపడకపోతే దూరం కొట్టే ఆయుధం ఉన్నా దండగే. మార్చి 11న సౌదీలోని జెద్దాలో అమెరికా-ఉక్రెయిన్ చర్చల తర్వాత అన్నీ తిరిగి తెరుచుకున్నాయి. ఉక్రెయిన్ నేటో సభ్యదేశం కాదు, నిజమే. అయినా ఆ వారం రోజుల్లో ప్రతి యూరప్ రక్షణ శాఖ తనను తాను అడిగిన ప్రశ్న ఒకటే: మన దగ్గరున్న వాటిలో ఎన్నింటికి తాళంచెవి అట్లాంటిక్ అవతల ఉంది?

అమెరికా తయారుచేసే ఎఫ్-35 యుద్ధవిమానం గొడవ అక్కడ మొదలైంది. ఎక్కడో ఒక మీట నొక్కితే విమానం ఆగిపోతుందన్న ప్రచారం బాగా నడిచింది. అలాంటి మీట లేదని అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ చెప్పింది. నా మటుకు మీట అక్కర్లేదు కూడా. ఎఫ్-35 శత్రు రాడార్లను గుర్తుపట్టాలంటే ప్రాంతానికో "మిషన్ డేటా" ఫైలు కావాలి. శత్రువు కొత్త రాడార్ తెచ్చినప్పుడల్లా ఆ ఫైలు మార్చాలి. ఆ పని ప్రధానంగా ఫ్లోరిడాలోని ఎగ్లిన్ వైమానిక స్థావరంలో జరుగుతుంది. విడిభాగాలు దేశాలన్నీ పంచుకునే ఉమ్మడి నిల్వ నుంచి వస్తాయి. సాఫ్ట్‌వేర్ మార్పులు తయారీదారు చేతిలో. ఈ మూడూ ఆగితే విమానం ఆ రోజు ఎగురుతుంది, ఆ వారమూ ఎగురుతుంది. ఆ తర్వాత ఒక్కో విమానం హ్యాంగర్‌లో చేరుతుంది, ఎగిరేవి పాత సమాచారంతో గుడ్డిగా ఎగరాల్సి వస్తుంది.

ఈ భయం కొనుగోళ్లలో కనపడింది. కెనడా 88 విమానాల ఆర్డరును పునఃపరిశీలనకు పెట్టింది. స్పెయిన్ ఎఫ్-35 ఆలోచన మానుకుంది. గగనతల రక్షణకు డెన్మార్క్ 2025 సెప్టెంబరులో అమెరికన్ పేట్రియాట్‌ను పక్కనపెట్టి ఫ్రాన్స్-ఇటలీల సాంప్-టి ఎంచుకుంది. డెన్మార్క్‌లో భాగమైన గ్రీన్‌లాండ్ కోసం బలప్రయోగాన్ని తోసిపుచ్చనని 2025 జనవరి 7న ట్రంప్ అనడం ఆ దేశం ఎలా మరిచిపోతుంది? విచిత్రం ఏమిటంటే గ్రీన్‌లాండ్‌లో సైనిక స్థావరం పెట్టుకునే హక్కు 1951 ఒప్పందం ప్రకారమే అమెరికాకు ఉంది, పిటుఫిక్‌లో స్థావరమూ ఉంది. అడిగితే ఇచ్చే దాని కోసం మిత్రుణ్ణి బెదిరించడం ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే ఘట్టం.

అయితే అందరూ అటే పోలేదు. హేగ్ సమావేశం వేళే బ్రిటన్ 12 ఎఫ్-35ఏ విమానాలు కొంటానంది, అదీ అమెరికా అణుబాంబులు మోసే పని కోసం. 2025 సెప్టెంబరు 9 అర్ధరాత్రి దాటాక దాదాపు 20 రష్యన్ డ్రోన్లు పోలండ్‌లోకి చొరబడినప్పుడు కొన్నిటిని కూల్చింది నెదర్లాండ్స్ ఎఫ్-35లే. పైనుంచి చూస్తూ దారి చూపింది ఇటలీ నిఘా విమానం, గాలిలో ఇంధనం పోసింది నేటో ఉమ్మడి ట్యాంకర్, కింద పోలండ్‌లో జర్మన్ పేట్రియాట్ దళం. యూరప్ మనుషులే ఆ రాత్రి పని చక్కబెట్టారు. కానీ చేతిలోని ముఖ్య పనిముట్లు అమెరికావి. లోపమూ బయటపడింది: వేల డాలర్ల డ్రోన్‌ను పడగొట్టడానికి లక్షల డాలర్ల క్షిపణి వాడితే ఎన్ని రాత్రులు నిలబడగలరు?

ఇక డబ్బు. మన పత్రికల్లోనూ తరచూ తప్పుగా రాసేది ఇక్కడే. "నేటోకు బకాయిలు కట్టని దేశాలు" అనేవి లేవు. నేటోకు ఉమ్మడి బడ్జెట్ వేరే ఉంది. 2025కి అది సుమారు 460 కోట్ల యూరోలు. అందులో అమెరికా వాటా 16 శాతంలోపు, జర్మనీదీ సరిగ్గా అంతే. ట్రంప్ మాట్లాడేది ఆ చందా గురించి కాదు, ఒక్కో దేశం తన సొంత సైన్యం మీద తన జీడీపీలో ఎంత పెడుతుందన్న దాని గురించి. 2014లో వేల్స్ సమావేశంలో 2 శాతం లక్ష్యం పెట్టుకున్నప్పుడు దాన్ని అందుకున్నవి మూడే దేశాలు. 2024లో 23 అందుకుంటాయని నేటో అంచనా వేసింది. ఈ విషయంలో ట్రంప్ ఫిర్యాదులో నిజం ఉంది, దాన్ని దాచడం సరికాదు. 2011లోనే అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ బ్రసెల్స్‌లో ఇదే హెచ్చరిక చేసి వెళ్లారు. యూరప్ వినలేదు.

హేగ్‌లో ఆ లక్ష్యం 5 శాతమైంది, 2035 నాటికి. అది రెండు ముక్కలు: 3.5 శాతం సైన్యానికి, ఆయుధాలకు. మిగతా 1.5 శాతం రోడ్లు, రైల్వేలు, రేవులు, సైబర్ భద్రత వగైరాలకు. ఈ రెండో ముక్కను ఎటైనా సాగదీయొచ్చు. సిసిలీని ప్రధాన భూభాగంతో కలిపే మెస్సీనా వంతెనను ఈ పద్దులో చూపాలని ఇటలీ ప్రభుత్వం ఆలోచించింది. స్పెయిన్ ప్రధాని సాంచెజ్ తమకు 2.1 శాతం చాలని తెగేసి చెప్పారు.

డబ్బు ఉండగానే ఆయుధం రాదు. పేట్రియాట్ వ్యవస్థలో వాడే పీఏసీ-3 ఎంఎస్ఈ క్షిపణులు 2024లో తయారైనవి 500 పైచిలుకు. ఒక్కోటి ఖరీదు దాదాపు 40 లక్షల డాలర్లు. వీటి కోసం ఉక్రెయిన్, ఇజ్రాయెల్ చుట్టూ ఉన్న అమెరికా దళాలు, జపాన్, పోలండ్ అందరూ ఒకే క్యూలో ఉన్నారు. 2022లోనే ఆర్డర్ పెట్టిన స్విట్జర్లాండ్‌కు 2025 జులైలో, మీ వంతు వెనక్కి జరిగిందని కబురొచ్చింది. డబ్బు కట్టి క్యూలో ఉన్నవాడిని కూడా వెనక్కి జరపగలిగితే ఇంకో దుకాణం వెతుక్కోవడం సహజం. 15,000 కోట్ల యూరోల "సేఫ్" రుణ పథకాన్ని 2025 మేలో యూరోపియన్ యూనియన్ ఆమోదించింది. దీని కింద కొనే సరుకులో బయటి దేశాల విడిభాగాల విలువ 35 శాతం మించకూడదన్న షరతు పెట్టడం వెనక కారణం ఇదే.

అన్నిటికంటే లోతైన మార్పు బెర్లిన్‌లో జరిగింది. జర్మనీ ఛాన్సలర్ అయిన ఫ్రెడరిక్ మెర్జ్ జీవితమంతా అమెరికా స్నేహం కోరిన నాయకుడు. 2025 ఫిబ్రవరి 23న ఎన్నికల్లో గెలిచిన రాత్రే, అమెరికా మీద ఆధారపడకుండా నిలబడటం అంచెలంచెలుగా సాధించాలన్నారు. అప్పు చేయడమంటే హడలిపోయే జర్మనీ, జీడీపీలో 1 శాతం దాటిన రక్షణ ఖర్చుకు అప్పు పరిమితి వర్తించకుండా రాజ్యాంగాన్నే సవరించింది. కొత్త సభ కొలువు తీరితే మూడింట రెండొంతులు కూడవని తెలిసి, గడువు ముగుస్తున్న పాత సభనే మార్చి 18న కూర్చోబెట్టి 512 ఓట్లతో నెగ్గించారు. లిథువేనియాలో దాదాపు 4,800 మంది జర్మన్ సైనికుల బ్రిగేడ్ శాశ్వతంగా నిలబడుతోంది. మే 9న ఫ్రాన్స్-పోలండ్, జులై 17న బ్రిటన్-జర్మనీ పరస్పర రక్షణ ఒప్పందాలు చేసుకున్నాయి. జులై 10న ఫ్రాన్స్, బ్రిటన్ తమ అణ్వాయుధాలను సమన్వయం చేసుకోవచ్చని ప్రకటించాయి. పెద్ద కూటమి లోపల చిన్న కూటములు అల్లుకుంటున్నాయి. పెద్ద తాడు తెగితే పట్టుకోవడానికి.

అమెరికా ఇంకా పోలేదు. 1951లో ఐసన్‌హోవర్ నుంచి నేటో సర్వసేనాని పదవి అమెరికన్‌దే, 2025 జులైలో వచ్చిన గ్రిన్‌కెవిచ్ కూడా అమెరికనే. అక్టోబరులో రొమేనియా నుంచి వెళ్లిన బ్రిగేడ్ స్థానంలో ఇంకొకటి పంపలేదు. దానికి కాంగ్రెస్ డిసెంబరులో చట్టంతోనే జవాబిచ్చింది. యూరప్‌లో సైనికుల సంఖ్య 45 రోజులకు మించి 76,000 కిందికి తగ్గాలంటే ముందు కారణాలు చూపి కాంగ్రెస్‌కు హామీ పడాలి.

మన సంగతి వేరు. భారత్‌కు అమెరికాతో పరస్పర రక్షణ ఒప్పందమే లేదు, కాబట్టి చెదరడానికి ఆర్టికల్ 5 లాంటి పూచీ లేదు. దెబ్బ వాణిజ్యం దారిన వచ్చింది. 2025 ఆగస్టు 7న 25 శాతం, రష్యా చమురు కొంటున్నందుకని ఆగస్టు 27న ఇంకో 25 శాతం సుంకం పడింది. దేశంలో రొయ్యలు ఎక్కువగా పండించేది ఆంధ్రప్రదేశ్, వాటికి పెద్ద కొనుగోలుదారు అమెరికా. ఆ ఏడాది భీమవరం చెరువుల దగ్గర రొయ్యల కౌంటు ధర పడిపోతే దాని మూలం వాషింగ్టన్‌లో ఉంది. ఆ ఏడాది మన దేశంలో జరగాల్సిన క్వాడ్ (భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాల బృందం) శిఖరాగ్ర సమావేశం జరగలేదు. మోదీ ఏడేళ్ల తర్వాత చైనా గడప తొక్కారు. అదే సమయంలో రక్షణ బేరాలు మాత్రం ఆగలేదు. అక్టోబరు 31న కౌలాలంపూర్‌లో అమెరికాతో పదేళ్ల రక్షణ సహకార ఒప్పందం కుదిరింది. సుంకం 50 శాతం ఉండగానే నవంబరులో మన ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హాల్ తేజస్ మార్క్-1ఏ యుద్ధవిమానాల కోసం అమెరికన్ జీఈ కంపెనీకి 113 ఎఫ్-404 ఇంజిన్లు ఆర్డర్ చేసింది. అవి 2027 నుంచి 2032 దాకా అందాలి. ట్రంప్ పదవీకాలం 2029 జనవరిలో ముగుస్తుంది.