చమురు క్షేత్రంలో చిన్న అణు రియాక్టర్: కరెంటు సగం పనే

చమురు బావుల దగ్గర చిన్న రియాక్టర్ పెట్టాలన్న చర్చ ఎప్పుడూ కరెంటుతో మొదలై కరెంటుతోనే ముగుస్తోంది. 2024లో అమెరికాలో డైమండ్‌బ్యాక్ ఎనర్జీ, ఓక్లో కంపెనీలు టెక్సాస్, న్యూమెక్సికోల్లోని పెర్మియన్ బేసిన్ చమురు ప్రాంతానికి 50 మెగావాట్ల కోసం రాసుకున్న ప్రాథమిక ఒప్పందం కూడా కరెంటు గురించే. అయితే గ్యాస్ పైపులైను లేని చాలా క్షేత్రాల్లో జనరేటర్లు నడిచేది చమురుతో పాటు పైకొచ్చే గ్యాస్‌తోనే. వాటిని తీసేసి రియాక్టర్ పెడితే ఆ గ్యాస్ ఫ్లేర్‌లోకి, అంటే వాడకుండా తగలేసే మంటలోకి పోతుంది. 2023లో ప్రపంచం మొత్తం మీద ఫ్లేర్లలో కాలిపోయిన గ్యాస్ దాదాపు 148 బిలియన్ ఘనపు మీటర్లని ప్రపంచ బ్యాంకు అంచనా. గ్యాస్‌కు దారి లేనిచోట కరెంటు కోసం మాత్రమే రియాక్టర్ తేవడం తప్పన్నది నా గట్టి అభిప్రాయం. డీజిల్ తగలేస్తున్న చోటైతే వేరే మాట.

అసలు పని ఉన్నది నీటి దగ్గర. పెర్మియన్‌లో ఒక బ్యారెల్ చమురుకు మూడు నాలుగు బ్యారెళ్ళ ఉప్పునీరు వస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు 35,000 మిల్లీగ్రాముల లవణాలుంటే, ఇందులో లక్ష నుంచి రెండు లక్షలు, ఒక్కోచోట అంతకు మించి ఉంటాయి. దీన్ని లోతైన బావుల్లోకి తిరిగి పంపడం వల్ల భూమి కంపిస్తుందని అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం చూసింది: 2016 సెప్టెంబరులో పానీ (Pawnee) అనే ఊరి దగ్గర 5.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. రియాక్టర్ స్థలం ఎంచుకునేటప్పుడు కూడా చుట్టుపక్కల ఇలాంటి బావులు ఎన్ని ఉన్నాయో, ఏ లోతులోకి ఎంత నీరు పంపుతున్నాయో మొదట చూడాలి.

నీరంతటినీ మంచినీరుగా మార్చాలనుకోవద్దు. ఫ్రాకింగ్‌కు, అంటే నీటి ఒత్తిడితో రాయిని పగలగొట్టి చమురు తీసే పనికి, వాడేదానికి ఉప్పు తీయనక్కర్లేదు. నూనె, మట్టి, ఇనుము, బ్యాక్టీరియా తీస్తే చాలు. ఆ నీరు గొట్టాల్లో సాఫీగా పారేలా కలిపే రసాయనాల్లో (ఫ్రిక్షన్ రెడ్యూసర్లు) ఉప్పును తట్టుకునేవి దొరుకుతున్నాయి. మిగిలిపోయే నీటికే రియాక్టర్ వేడి కావాలి. లీటరుకు 1,50,000 మిల్లీగ్రాముల దగ్గర ఆస్మాటిక్ పీడనమే (మెంబ్రేన్ గుండా మంచినీటిని నెట్టాలంటే దాటాల్సిన ఒత్తిడి) 100 బార్లు దాటుతుంది, మామూలు ఆర్.ఓ. మెంబ్రేన్లు 80 బార్ల దగ్గరే ఆగిపోతాయి. కాబట్టి ఆవిరి చేయడమే మార్గం.

లెక్క చూద్దాం. 5 మెగావాట్ల కరెంటు ఇచ్చే యంత్రం సుమారు 15 మెగావాట్ల వేడి పుట్టిస్తుంది. మిగిలే 10 మెగావాట్లలో 7 పట్టుకోగలిగామనుకుందాం, అంటే రోజుకు 168 మెగావాట్ గంటలు. ఘనపు మీటరు నీటిని ఆవిరి చేయడానికి 627 కిలోవాట్ గంటలు కావాలి. ఒకే దశలో చేస్తే రోజుకు 268 ఘనపు మీటర్లే వస్తాయి. ఒక దశ ఆవిరితో తర్వాతి దశను కాచే పద్ధతిలో నాలుగు దశలు పెడితే, నష్టాలు పోను మూడు రెట్లు రాబట్టవచ్చు: సుమారు 800 ఘనపు మీటర్లు, అంటే 5,000 బ్యారెళ్ళు. ఇంకా దశలు పెంచుదామంటే ఉప్పు అడ్డుపడుతుంది. ఇక ఉప్పు కరగనంత చిక్కబడ్డ (సంతృప్త) ఉప్పునీరు దాదాపు 109 డిగ్రీల దగ్గర గానీ మరగదు, ఆ తొమ్మిది డిగ్రీల నష్టం చిక్కటి నీరున్న ప్రతి దశలోనూ పడుతుంది.

ఈ 800 ఘనపు మీటర్ల కోసం లోపలికి పోసేది లీటరుకు 150 గ్రాముల ఉప్పున్న నీరు 1,600 ఘనపు మీటర్లు. మిగతా సగం లీటరుకు 300 గ్రాముల ఉప్పుతో బయటికొస్తుంది. రోజుకు 240 టన్నుల ఉప్పు! చాలా ప్రతిపాదనలు చూసీచూడనట్టు దాటేసే అంకె ఇది. ఎండబెట్టి కుప్ప పోయడం కంటే, గ్యాలన్‌కు 10 పౌండ్ల బరువుండే ఈ ద్రవాన్ని డ్రిల్లింగ్‌కూ బావుల మరమ్మతుకూ వాడుకోవడం మేలు. ఆ గిరాకీ ఎంతుందో ముందే చూసుకుని ప్లాంటు సైజు నిర్ణయించాలి.

శుద్ధి వరుస ముఖ్యం. ముందు నూనె తీయాలి, తర్వాత ఇనుము, ఆ తర్వాత బేరియం, రేడియోధార్మికత ఉన్న రేడియం. కిలో బేరియానికి దాదాపు 1.03 కిలోల సోడియం సల్ఫేట్ వేస్తే బేరియం సల్ఫేట్ అడుగున దిగుతుంది, రేడియంను కూడా తనతో లాగేస్తుంది. లీటరుకు 100 మిల్లీగ్రాముల బేరియం ఉంటే రోజుకు 165 కిలోల సల్ఫేట్ పడుతుంది, 270 కిలోల పైచిలుకు అవక్షేపం వస్తుంది. సల్ఫేట్ ఎక్కువైతే కాల్షియం సల్ఫేట్ తయారై వేడి గొట్టాల మీద గట్టిగా పేరుకుంటుంది. తక్కువైతే రేడియం ఆవిరి యంత్రం లోపలికి వెళ్ళిపోతుంది. గొట్టాలకు గ్రేడ్ 2 టైటానియం వద్దు, వేడి క్లోరైడ్‌లో కీళ్ళ సందుల దగ్గర దాన్ని తుప్పు తినేస్తుంది. గ్రేడ్ 7 లేదా 12 తీసుకోవాలి. అమ్మోనియా, బెంజీన్ ఆవిరితో పాటే వచ్చేస్తాయి కనుక వచ్చిన నీటిని స్ట్రిప్పింగ్ (గాలి లేదా ఆవిరి పంపి వాయువుల్ని వెళ్ళగొట్టడం), కార్బన్ ఫిల్టర్ దాటించకుండా పొలానికి వదలకూడదు.

ఆ అవక్షేపంలోని రేడియోధార్మికత భూమిలోంచి వచ్చిందే, రియాక్టర్‌ది కాదు. కానీ రియాక్టర్ పక్కనే రేడియం కనిపిస్తే ఎవరు నమ్ముతారు? అందుకే యంత్రం రాకముందే నీటిలో, మట్టిలో రేడియం-226, 228 కొలిచి రికార్డు చేయాలి. రియాక్టర్ నుంచి లీకైతే సీజియం-137 లాంటివి కనిపిస్తాయి, ఆ తేడా పట్టే మీటర్లు రియాక్టర్‌కీ ఉప్పునీటికీ మధ్య వేడిని మోసే లూప్ మీద ఉండాలి. గాలితో నడిచే టర్బైన్ అయితే దాని ఎగ్జాస్ట్ గాలి వాతావరణ పీడనం దగ్గరే ఉంటుంది గనుక ఆ లూప్‌ను 4 బార్ల వేడినీటితో పెడితే, లీకైనా నీరు ఎగ్జాస్ట్ వైపే పోతుంది, ఎగ్జాస్ట్ గాలి ఉప్పునీటి వైపు రాదు. అణు వేడితో నీరు తీయడం కొత్తేమీ కాదు: కజకిస్తాన్‌లో కాస్పియన్ సముద్రపు ఒడ్డున అక్తావ్‌లో బీఎన్-350 రియాక్టర్ 1973 నుంచి 1999 వరకు ఆ పని చేసింది.

గాలిని బయటి నుంచి పీల్చే టర్బైన్ అయితే చమురు క్షేత్రంలో అదనపు ప్రమాదం ఉంది. బావి లీకైతే గ్యాస్ నేరుగా ఇన్‌టేక్‌లోకి వెళ్తుంది. అక్కడ గ్యాస్ డిటెక్టర్లు, వెంటనే మూసుకునే డ్యాంపర్లు (గాలిదారి తలుపులు) ఉండి తీరాలి. అవి మూసుకున్నా రియాక్టర్‌ను చల్లబరిచే గాలిదారి మాత్రం తెరిచే ఉండాలి, అది వేరే మార్గం.

కరెంటు వైపు: సబ్‌మెర్సిబుల్ పంపును నేరుగా ఆన్ చేస్తే అయిదారు రెట్ల కరెంటు లాగుతుంది, అందుకని మోటారు వేగాన్ని మెల్లగా పెంచే డ్రైవ్ (వీఎఫ్‌డీ) తప్పనిసరి. వాటిలో ఆరు పల్స్‌ల రకం డ్రైవ్‌లు అయిదు, ఏడో హార్మోనిక్‌లు (కరెంటు తరంగాన్ని చెడగొట్టే అదనపు తరంగాలు) పుట్టిస్తాయి, చిన్న గ్రిడ్ వాటిని భరించలేదు. రియాక్టర్ ట్రిప్ అయితే పంపులన్నీ ఆగి, గొట్టంలోని ఇసుక కిందికి జారి పంపును పట్టేస్తుంది. బ్యాటరీ, స్టాండ్‌బై జనరేటర్ లేకుండా ముందుకెళ్ళడం సాహసమే.

ఇలాంటి చిన్న రియాక్టర్లను పోర్టబుల్ అంటుంటారు. పోర్టబుల్ అంటే ఫ్యాక్టరీలో తయారై లారీ మీద వచ్చేది, అంతే. ఈ బావి నుంచి ఆ బావికి తిప్పేది కాదు. ఆపిన గంట తర్వాత కూడా 15 మెగావాట్ల రియాక్టర్ సుమారు 200 కిలోవాట్ల వేడి వదులుతుంది, రోజు తర్వాత 70 కిలోవాట్లు. వాడిన ఇంధనంతో రోడ్డెక్కాలంటే కవచం, అనుమతులు, చల్లబడే సమయం అన్నీ కావాలి. షేల్ (ఫ్రాకింగ్‌తో చమురు తీసే పొరల రాయి) బావి దిగుబడి మాత్రం మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోతుంది. అందుకే రియాక్టర్, నీటి ప్లాంటు రెండూ క్షేత్రం మధ్యలో ఒకే చోట స్థిరంగా ఉండాలి. కొత్త బావులు తవ్వినకొద్దీ కేబుళ్ళూ నీటి పైపులూ అటువైపు పొడిగించుకుంటూ పోవాలి.