మంచు ట్యాంకుకు సంక్రాంతి సున్నం

విజయవాడలో పుట్టి పెరిగిన నాకు మంచు కురవడం ఎలా ఉంటుందో తెలియదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున కృష్ణ మీద కమ్ముకునే పొగమంచే నేనెరిగిన మంచు. అయినా నాలుగేళ్లుగా నా ఆదివారాలు 1:35 నిష్పత్తి (అసలు దానిలో ముప్పై అయిదో వంతు) యుద్ధ ట్యాంకు నమూనాలకు, మంచులో కలిసిపోయేందుకు వేసే చలికాలపు తెల్లరంగు పూయడంలోనే గడిచిపోతున్నాయి.

మొదట చేసిన రెండు నమూనాలూ కొత్త ఫ్రిజ్‌ల్లా తెల్లగా, నున్నగా వచ్చాయి. వాటికి అక్కడక్కడ గీతలు పెట్టి, తుప్పు రంగు అద్ది, పాతబడినట్టు చూపాలని ఎంత ప్రయత్నించినా దెబ్బలు తగిలిన ఫ్రిజ్‌ల్లాగే మిగిలాయి. ఆ తెలుపును నేను రంగు అనుకోవడమే పొరపాటు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 చలికాలంలో మాస్కో ముంగిటకు చేరిన జర్మన్ ట్యాంకులు ముదురు బూడిద రంగులో ఉన్నాయి. చలి ముదిరేలోపే యుద్ధం ముగుస్తుందన్న ధీమాతో వచ్చిన ఆ సేనకు తెల్లరంగు చాలినంత అందలేదు కనుక, సిబ్బంది సుద్ద, సున్నం, చివరికి దుప్పట్లు కూడా వాడుకున్నారు. సోవియట్లు తమ 4బీఓ అనే ఆకుపచ్చ రంగు మీద సుద్ద, సున్నం కలిపిన పూత పూశారు. రెండు పక్షాలకూ అది తాత్కాలికమైన పనే. మంచు కరిగితే కడిగేయవలసినదే. చాలా ట్యాంకుల మీద దాన్ని సైనికులే కుంచెలతో, చీపుళ్లతో హడావిడిగా పూశారు. ఆనాటి ఛాయాచిత్రాల్లో టరెట్ (ఫిరంగి ఉండే తిరిగే పైభాగం) మీది అంకెల చుట్టూ సున్నం తగలకుండా వదిలేసిన ఆకుపచ్చ లేదా బూడిద రంగు చదరాలు కనిపిస్తాయి.

అది సున్నమేనని తెలిశాక నాకు తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఇల్లు గుర్తొచ్చింది. సంక్రాంతికి పది రోజుల ముందు కుండలో రాతి సున్నం వేసి నీళ్లు పోస్తే అది బుసబుసమని ఉడికేది. కుంచెతో గోడకు పూసినప్పుడు తడి మీద పాత గోడ అంతా కనిపిస్తూ, పూయనట్టే ఉండేది; ఆరిన తరువాతే తెల్లదనం పైకి తేలేది. ఉగాది నాటికి అరుగు మీద కూర్చునేవాళ్ల వీపులు ఆనిన చోట సున్నం పలచబడి, చూరు నీళ్లు కారిన చోట చారలు కట్టి, గోడ అడుగున మట్టి చింది, చేయి తగలని మూలల్లో మాత్రం దట్టంగా మిగిలి ఉండేది. ట్యాంకు మీదా ఇంతే. సిబ్బంది బూట్లతో ఎక్కే ఫెండర్ల (గొలుసు పట్టాల పైని రేకుల) మీద, చేతులు ఆనించే మూతల అంచుల మీద సున్నం ముందు పోతుంది. వెల్డింగు అతుకుల్లో, బోల్టుల చుట్టూ చివరిదాకా ఉంటుంది.

ఈసారి చేసిన సోవియట్ ట్యాంకు టీ-34ను నేను 1943 మార్చి నాటి ఉక్రెయిన్ నగరం ఖార్కోవ్ పరిసరాల్లో నిలిపాను. ఫిబ్రవరిలో సోవియట్లు స్వాధీనం చేసుకున్న ఆ నగరాన్ని మార్చిలో జర్మన్లు తిరిగి పట్టుకున్నారు. మంచు కరుగుతూ బురద మొదలయ్యే కాలం కాబట్టి సున్నం సగానికి సగం పోయినా తప్పుగా కనిపించదు. ముందుగా ఆకుపచ్చ పూత వేసి, దాని మీద వార్నిష్ కొట్టి ఒక రోజంతా ఆరనిచ్చాను. వార్నిష్ మానేస్తే తరువాతి రుద్దుడుకు ఆకుపచ్చ కూడా లేచి ప్లాస్టిక్ బయటపడుతుందన్నది రెండో నమూనా నేర్పిన పాఠం. ఆ పైన మామూలు హెయిర్ స్ప్రే రెండు పలుచని పూతలు, అవి ఆరాక నీళ్లతో పలచన చేసిన తెల్ల అక్రిలిక్. అచ్చ తెలుపు ఇంత చిన్న బొమ్మ మీద కళ్లకు కొడుతుంది కనుక చుక్క ఇసుక రంగు కలిపాను. తెలుపు ఆరిన గంటలోపు నీళ్లు అద్దితే తడి లోపలికి దిగి హెయిర్ స్ప్రే పొర మెత్తబడుతుంది; అప్పుడు అరిగిన టూత్‌బ్రష్‌తో రుద్దితే తెలుపు కొద్దికొద్దిగా లేస్తుంది. మర్నాటికి వదిలేస్తే పెళ్లలుగా ఊడుతుంది.

కొందరు హెయిర్ స్ప్రేకు బదులు ఉప్పు చల్లి, దాని మీద రంగు కొట్టి, తరువాత ఉప్పును రాలుస్తారు. గట్టి రంగు పెచ్చులుగా లేచినట్టు చూపడానికి ఆ పద్ధతి బాగుంటుంది గానీ, సున్నానికి నప్పదని నా అభిప్రాయం. సున్నం ఎక్కువగా రాపిడికి అరిగి, వానకు కరిగి పోతుంది. అలాగే తెలుపు పోయిన ప్రతిచోటా వెండి రంగు ఇనుమును చూపడం కూడా నాకు నచ్చదు. సున్నం కింద ఉండేది ఆకుపచ్చ రంగు. మెరిసే ఇనుము కావాలంటే గొలుసు పట్టాలు నేలను తాకే భాగంలో చూపుకోవచ్చు. డీజిల్ ఇంజను పొగగొట్టాలు రెండూ టీ-34 వెనుక పలకలోనే ఉంటాయి కనుక, అక్కడి తెలుపు మీద మసి ఎంత పట్టించినా ఎక్కువ కాదు.

బురదకు మాత్రం గుంటూరు వెళ్లాను. ఉక్రెయిన్ నేల ఎక్కువ భాగం నల్లమట్టి. మన మిరప చేల నల్లరేగడి దాని రంగుకు దగ్గరగా ఉంటుంది. ఒక బంధువు చేలోంచి దోసెడు మట్టి తెచ్చి, ఎండబెట్టి, మెత్తగా నూరి వస్త్రగాళితం పట్టాను. బట్టలో జల్లించని మట్టి రేణువు ఈ నిష్పత్తిలో గులకరాయిలా కనిపిస్తుంది. దాన్ని బంక కలిపిన నీళ్లతో చక్రాలకు, అడుగు భాగానికి పట్టించి, ఆరాక పైపైన దులిపాను. “కొత్త బొమ్మను కొని, ఇంత కష్టపడి మురికి చేసుకోవడం ఎందుకురా?” అని మా అమ్మ అడిగింది. కొండపల్లిలో పొణికి కర్ర బొమ్మకు ముందు సున్నపు పూత వేసి తరువాత రంగులు దిద్దుతారనీ, నేను అదే పనిని తలకిందులుగా చేస్తున్నాననీ చెప్పాను. ఆమెకు ఆ జవాబు నచ్చినట్టు లేదు.

ఇక మిగిలినది మెరుపు చంపే మ్యాట్ వార్నిష్ ఒక్కటే. నిరుడు కార్తీకంలో తేమ గాలిలో తొందరపడి కొడితే ఒక నమూనా అంతటా తెల్లని మసక పట్టింది. సున్నం ఏదో మసక ఏదో తెలియకుండా పోయింది. ఈ వారమూ ముసురు విడవలేదు. అందుకని ట్యాంకును అట్టపెట్టెలో మూసిపెట్టి, గాలి పొడిబారే రోజు కోసం చూస్తున్నాను.