రౌటర్ మార్చారు, ప్రింటర్ అలిగింది

కావలిలో మా వీధి మొత్తానికి ప్రింటర్ ఉన్న ఇల్లు మాదొక్కటే. గొప్పకి చెప్పడంలేదండీ, గోడు చెప్పుకుంటున్నా. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు పాప ఎల్‌కేజీ వర్క్‌షీట్ల కోసం కొన్న ఇంక్ ట్యాంక్ ప్రింటర్ అది, వర్క్‌షీట్ల కాలం ఎప్పుడో పోయింది గానీ దానికి మాత్రం రిటైర్మెంట్ లేదు. ఆధార్, అడంగల్, వన్ బీ, హాల్ టికెట్లు, పెళ్లి సంబంధాల బయోడేటాలు, అన్నీ మా హాల్లోనే. ట్రంక్ రోడ్డు మీదకి పోతే నెట్ సెంటర్లు బోలెడున్నాయి, కానీ "అబ్బయా, ఒక్క కాయితమే" అంటా పొద్దున్నే గేటు కాడ నిలబడినోళ్లని ఎట్టా పొమ్మంటాం? మా నాయనైతే పొమ్మనడం మాట అటుంచి కూర్చోబెట్టి కాఫీ కూడా ఇప్పిస్తాడు.

ఇట్టా నడుస్తా ఉంటే మొన్నామధ్య నెట్ ప్లాన్ మార్చుకున్నాం. నెట్ అబ్బాయి వచ్చి పాత డబ్బా పీకేసి నాలుగు కొమ్ములున్న కొత్త డబ్బా గోడకి కొట్టాడు, ఫోన్లో స్పీడ్ టెస్ట్ పెట్టి చూపించాడు, "బో స్పీడుగా ఉండాదే" అని నాయన మురిసిపోయాడు, కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాసిచ్చి అబ్బాయి బండెక్కి వెళ్లిపోయాడు. ఇంట్లో ఫోన్లు, టీవీ, లాప్‌టాప్ అన్నిట్లో ఆ చీటీ చూసి కొట్టుకున్నాం. ప్రింటర్ సంగతి ఒక్కళ్లకీ గుర్తు రాలేదు, దానికి స్క్రీన్ లేదు కదా, అడగదు కదా.

మర్నాడు పొద్దున పక్కింటి అత్త, వాళ్ల అమ్మాయి వచ్చారు. అమ్మాయికి మధ్యాహ్నం నెల్లూరులో ఎగ్జామ్, హాల్ టికెట్ తియ్యాలి, అరగంటలో బస్సు పట్టుకోవాలి. పీడీఎఫ్ నాకు వాట్సాప్‌లో పంపింది, ప్రింట్ కొట్టా, ఏమీ రాలా. మళ్లీ కొట్టా. మళ్లీ కొట్టా. లాప్‌టాప్‌లో ప్రింటర్ పేరు పక్కన బూడిద రంగులో "ఆఫ్‌లైన్" అని ఉంది. అమ్మ "ఒకసారి ఆపి వెయ్యరా" అంది, ఆపి వేశా. నాయన "ఇంకు అయిపోయుంటుందిరా" అన్నాడు, మూత తీసి నాలుగు ట్యాంకులూ చూపించా, సగం పైనే ఉంది. ఆ అమ్మాయి మాత్రం ఏమీ అనకుండా ఫోన్లో టైం చూసుకుంటా ఉంది, అది చూస్తే నాకు చేతులు ఇంకా ఆడలేదు.

అప్పుడు గుర్తొచ్చింది కేబుల్. ప్రింటర్‌తో పాటు ఒకటి ఇస్తారు చూడండి, ఒక వైపు మామూలు యూఎస్‌బీ, ఇంకో వైపు చతురస్రం మూతి. అది అటక మీద పాత సెల్‌ఫోన్ చార్జర్ల చిక్కులో దొరికింది. గుచ్చగానే లాప్‌టాప్‌లో అదే ప్రింటర్ "కాపీ 1" అని ఇంకోటి పుట్టింది, దానికి పంపిస్తే పది సెకన్లలో హాల్ టికెట్ బయటికొచ్చింది. అత్త వాళ్లు పరుగు. కాబట్టి అర్జెంటుగా కావాల్సొస్తే వైఫైతో కుస్తీ పడకుండా ముందు కేబుల్ వెతకండి. పని జరగడమే కాదు, కేబుల్‌తో ప్రింట్ వచ్చిందంటే ఇంకు, హెడ్, రోలర్ అన్నీ బాగున్నట్టే, రోగం నెట్‌వర్క్‌లోనే అని కూడా తేలిపోతుంది.

ఇక సాయంత్రం ఆఫీసు పని అయ్యాక కూర్చున్నా. ఇక్కడ నా తెలివి చూడండి. కేబుల్‌తో ప్రింట్ వచ్చింది అంటే డ్రైవర్ (ప్రింటర్‌తో లాప్‌టాప్ మాట్లాడే సాఫ్ట్‌వేర్) బాగున్నట్టే కదా, అయినా నేను చేసిన మొదటి పని డ్రైవర్ మళ్లీ డౌన్‌లోడ్ చెయ్యడం. గంట పోయింది. అది వేసుకుని, వెతుక్కుని, "ప్రింటర్ దొరకలేదు" అని చెప్పింది. ఆ తర్వాత చూస్తే ఆఫీసు వీపీఎన్ (లాప్‌టాప్‌ని ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపేది) ఆన్‌లోనే ఉంది, అది ఆన్‌లో ఉంటే చాలా ఆఫీసు లాప్‌టాప్‌లకి ఇంట్లో ప్రింటర్ అసలు కనపడదు. ఆపా. అయినా దొరకలా. కస్టమర్ కేర్‌లకి కూడా చేశాలెండి, ప్రింటర్ వాళ్లు రౌటర్ వాళ్లని అడగమన్నారు, నెట్ వాళ్లు ప్రింటర్ వాళ్లని అడగమన్నారు.

మా ప్రింటర్ ముందు భాగంలో వైఫై గుర్తు పక్కన చిన్న నీలం లైటు ఉంటుంది. కదలకుండా వెలిగితే నెట్‌వర్క్ పట్టుకుందని, కొట్టుకుంటా ఉంటే వెతుక్కుంటా ఉందని. అది రాత్రంతా, పొద్దునంతా, ఇప్పుడూ కొట్టుకుంటానే ఉంది. ఎవరికోసం వెతుకుతోంది ఇది అని మాన్యువల్ తీసి చూస్తే, రెండు బటన్లు కలిపి నొక్కితే ప్రింటరే తన నెట్‌వర్క్ రిపోర్ట్ ఒక కాయితం మీద కొట్టి ఇస్తుందని ఉంది (ఏ బటన్లో కంపెనీని బట్టి మారతాయి, మీ మాన్యువల్లో చూసుకోండి). ఇన్నేళ్లలో నాకు తెలీదు ఈ సంగతి. కాయితం వచ్చింది. నెట్‌వర్క్ పేరు దగ్గర మా పాత రౌటర్ పేరు. స్టేటస్ నాట్ కనెక్టెడ్. ఐపీ అడ్రస్, అంటే ఒక్కో సామానుకి రౌటర్ ఇచ్చే నంబరు, 0.0.0.0, ఏమీ రాలేదని.

అంటే ఊరొదిలి వెళ్లిపోయినోళ్ల ఇంటి తలుపు కొడతా నిలబడింది పాపం. (మీ కాయితంలో ఐపీ 169.254 అని మొదలైతే అది వేరే కథ. ప్రింటర్‌కి రౌటర్ నుంచి నంబరు రాలేదు, తనకి తనే ఒక నంబరు పెట్టుకుంది అని అర్థం.)

ఫోన్‌లో ప్రింటర్ యాప్ పెట్టి చూస్తే, వైర్‌లెస్, క్యాన్సిల్ బటన్లు ఐదు సెకన్లు పట్టుకో, నెట్‌వర్క్ సెట్టింగ్స్ అన్నీ చెరిపేసి మొదట్నుంచి చేద్దాం అంది. సరే అని వేళ్లు పెట్టబోతుంటే ఫోన్ మోగింది. నెల్లూరులో మా అత్త కొడుకు, కంప్యూటర్ల సర్వీసింగ్ చేస్తాడు, పొద్దున మెసేజ్ పెడితే ఇప్పుడు తీరిక దొరికిందంట.

"బావా, రీసెట్ కొట్టబాక, ఆగు. పాత వైఫై పేరు, పాస్‌వర్డ్ గుర్తుండాయా?"

"ఉండాయి. ఆ డబ్బా పీకేశారు కదా బావా, ఇప్పుడు వాటితో ఏం పని?"

"కొత్త డబ్బాకి అవే పెట్టు. ప్రింటర్‌కి డబ్బాతో పనేంది, దానికి కావాల్సింది పేరూ పాస్‌వర్డే కదా."

నేను నోరు తెరిచా. నిజమే కదా. నెట్ అబ్బాయి మొదట్రోజే పాత పేరు, పాత పాస్‌వర్డ్ పెట్టేసి ఉంటే ఇంట్లో సామాన్లు చాలావరకు వాటంతటవే ఎక్కేసేవి, టీవీ రిమోట్‌తో పాస్‌వర్డ్ ఒక్కో అక్షరం వెతికి కొట్టుకునే ఖర్మ కూడా తప్పేది.

రౌటర్ లోపలికి పోవాలంటే బ్రౌజర్లో 192.168.1.1 కొట్టాలి (కొన్నిటికి 192.168.0.1 ఉంటుంది), లాగిన్ డబ్బా అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. మా వాడు డబ్బాని గోడకి కొట్టాడు కదా, అడుగు కనపడదు, స్టూల్ ఎక్కి ఫోన్ కింద పెట్టి ఫోటో తీసి పెద్దది చేసి చూశా. అందులో చిన్న ఎల్‌ ఏదో ఒకటి అంకె ఏదో తెలీక మూడుసార్లు తప్పు కొట్టా.

లోపల చూస్తే రెండు బ్యాండ్లు (వైఫై సిగ్నల్ నడిచే దారులు), 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్, రెండిటికీ కలిపి ఒకటే పేరు. బ్యాండ్ స్టీరింగ్ అనో స్మార్ట్ కనెక్ట్ అనో ఉంటుంది ఆ ఆప్షన్. మా ప్రింటర్ 2.4 మాత్రమే పట్టుకునే రకం, ఆ కాలంలో ఇళ్లకి కొన్న ప్రింటర్లు ఎక్కువ భాగం అంతే. పేరు ఒకటే ఉన్నా అది 2.4 వైపు ఎక్కేస్తుంది, చాలా ఇళ్లలో ఏ గొడవా ఉండదు, కానీ సెటప్ చేసేటప్పుడు ఫోన్ 5 మీద ఉండి ప్రింటర్ 2.4 మీద వెతుకుతుంటే కొన్ని యాప్‌లు తికమక పడతాయి. అందుకని విడదీసేశా. 2.4కి పాత పేరు, పాత పాస్‌వర్డ్, పెద్దక్షరం చిన్నక్షరం తేడా లేకుండా. 5కి కొత్త పేరు అట్టాగే ఉంచా. లాప్‌టాప్ 5 మీద, ప్రింటర్ 2.4 మీద ఉంటే ప్రింట్ వస్తుందా అని మా ఆవిడ అడిగింది, వస్తుంది, రెండూ ఒకే రౌటర్ కింద ఉన్నట్టే లెక్క. గెస్ట్ వైఫైకి ఎక్కిస్తే మాత్రం చాలావరకు రాదు, ఎందుకంటే గెస్ట్‌లో ఉన్నోళ్లకి ఇంట్లో మిగతా సామాన్లు కనపడకుండా మధ్యలో తడిక కడుతుంది రౌటర్.

సేవ్ కొట్టి ప్రింటర్ ముందు కూర్చున్నా. లైటు కొట్టుకుంటానే ఉంది. రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు. రిపోర్ట్ మళ్లీ తీశా. ఈసారి ఆ పాత పేరున్న నెట్‌వర్క్ దొరికిందంటోంది, సిగ్నల్ కూడా బాగుందంటోంది, కానీ సెక్యూరిటీ దగ్గర ఫెయిల్. ఫోన్లో బావకి చదివి వినిపించా.

"డబ్ల్యూపీఏ3 పెట్టుంటాడు చూడు."

అదే. డబ్ల్యూపీఏ3 అనేది 2018లో వచ్చిన వైఫై సెక్యూరిటీ తాళం. మా ప్రింటర్‌కి దానికి ముందు తరం డబ్ల్యూపీఏ2 ఒక్కటే తెలుసు. పేరు కరెక్టు, పాస్‌వర్డ్ కరెక్టు, తాళం రకమే వేరు, ఇంక ఎక్కడ తెరుచుకుంటుంది. 2.4 వరకు సెక్యూరిటీని డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ అని మార్చా, 5ని కదిలించలేదు. సేవ్ కొట్టి తలెత్తి చూసేసరికి నీలం లైటు రెండు సార్లు కొట్టుకుని ఆగి వెలిగింది. ప్రింటర్ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. నాయనని పిలిచి చూపించా, "దీనికేనా పొద్దున్నుంచి" అన్నాడు.

కానీ లాప్‌టాప్‌లో ఇంకా ఆఫ్‌లైన్!

నిజం చెప్తున్నా, ఆ నిమిషంలో దాన్ని పాత సామాన్లోడికి వేసేద్దామనిపించింది. ఫోన్లో బావ నవ్వుతా ఉన్నాడు. ఇంకోసారి రిపోర్ట్ తియ్యమన్నాడు. ఐపీ 192.168.1.9. ఆ నంబరు లాప్‌టాప్ బ్రౌజర్లో కొట్టమన్నాడు, కొడితే ప్రింటర్ సొంత పేజీ తెరుచుకుంది, ఇంకు ఎంతుందో బొమ్మలతో సహా. అంటే లాప్‌టాప్ నుంచి ప్రింటర్ దాకా దారి బాగుంది. మరి ఆఫ్‌లైన్ ఎందుకు? ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ (ప్రింట్ ఏ నంబరుకి పంపాలో రాసుండే చోటు) తెరిచి చూస్తే అక్కడ 192.168.1.4 అని ఉంది. పాత రౌటర్ ఇచ్చిన నంబరు. ఈ నంబర్లు డాక్టర్ దగ్గర టోకెన్ల లాంటివి, ఎవరు ముందొస్తే వాళ్లకి ఏదో ఒకటి ఇస్తుంది రౌటర్, రేపు అదే వస్తుందని గ్యారంటీ లేదు. నా లాప్‌టాప్ ఇంకా నాలుగో నంబర్నే పిలుస్తా కూర్చుంది, ఆ నంబరు ఇప్పుడు టీవీది.

యాడ్ పోర్ట్, స్టాండర్డ్ టీసీపీ ఐపీ, 192.168.1.9, ఓకే. అంతటితో వదిలేస్తే మా ఊళ్లో కరెంటు పోయి వచ్చిన రోజు మళ్లీ నంబర్లు తారుమారు అవ్వొచ్చు కాబట్టి, రౌటర్లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అని ఉంటుంది, అందులో ప్రింటర్ మ్యాక్ అడ్రస్ (ఒక్కో సామానుకి కంపెనీ ఇచ్చే గుర్తింపు నంబరు, అదే రిపోర్ట్ కాయితం మీద ఉంటుంది) పెట్టి దీనికెప్పుడూ తొమ్మిదే అని రాసిపెట్టా. ఈ పని ఇన్నేళ్లలో ఒక్కసారి చేసుంటే "నిన్న దాకా బాగానే ఉండింది కదా" అనే మాట మా ఇంట్లో వినపడేది కాదు. కరెంటు పోయొచ్చాక నాలుగైదు సార్లు ఇట్టాగే ఆఫ్‌లైన్ అయింది, ప్రతిసారీ ప్రింటర్నే తిట్టాను.

పోర్ట్ పేజీ మీద అప్లై నొక్కానో లేదో ప్రింటర్ లేచింది. ఒకటి వచ్చింది, పక్కింటి అమ్మాయి హాల్ టికెట్. రెండోది, హాల్ టికెట్. మూడోది. పొద్దున్నుంచి ఆఫ్‌లైన్‌లో ఉన్న దానికి నేను కొట్టినవన్నీ క్యూలో భద్రంగా దాచిపెట్టుకుందన్నమాట. క్యూ తెరిచి క్యాన్సిల్ చేసేలోపు ఏడు కాపీలు, మధ్యలో నాయన చూడకుండా నొక్కిన అడంగల్ రెండు. సరిగ్గా అప్పుడే ఆ అమ్మాయి నెల్లూరు నుంచి వచ్చి, పేపర్ బాగా రాశానని చెప్పడానికి లోపలికి వచ్చింది, నేల మీద తన ఫోటోలు ఏడు. "అన్నా, ఎగ్జామ్ అయిపోయింది" అంది.

నాయన అవన్నీ ఏరి వెనకవైపు తెల్లగా ఉన్నాయని పాల లెక్కలు రాసుకోవడానికి పెట్టుకున్నాడు.

నిన్న నెట్ అబ్బాయి మళ్లీ వచ్చాడు, డబ్బాలో ఏదో అప్‌డేట్ ఉందంట. నేను మీటింగ్‌లో ఉన్నా. గేటు కాడ నాయన గొంతు వినపడుతోంది, చేతిలో ఆ నెట్‌వర్క్ రిపోర్ట్ కాయితం మడతపెట్టి పట్టుకుని, "అబ్బయా, పేరు, పాస్‌వర్డ్ మార్చవు కదా? తాళం రెండోదే ఉంచుతావు కదా? మా తొమ్మిదో నంబరు ఎవరికీ ఇయ్యవు కదా? అయితే రా లోపలికి, కాఫీ తాగుదువు గాని."