స్వింగ్ మార్చకుండానే స్టార్ అయిన యెలిచ్

మంచి ఆటగాడు స్టార్ ఎలా అవుతాడని బేస్‌బాల్ చూసేవాళ్ళను అడిగితే ఈ పదేళ్ళుగా ఒకటే జవాబు వస్తోంది. స్వింగ్ మార్చుకున్నాడు, బంతిని కింది నుంచి పైకి లేపడం నేర్చుకున్నాడు, హోమ్ రన్లు (గోడ దాటే దెబ్బలు) పెరిగాయి అంటారు. బంతి బ్యాట్‌ని వదిలి లేచే ఆ కోణాన్నే లాంచ్ యాంగిల్ అంటారు. చాలామంది విషయంలో నిజమే. కానీ నేను కళ్ళారా, మ్యాచ్ తర్వాత మ్యాచ్ చూసిన ఒక సీజన్‌కి ఈ జవాబు సరిపోదు. అది 2018లో అమెరికాలోని మిల్వాకీ బ్రూవర్స్ జట్టు తరఫున క్రిస్టియన్ యెలిచ్ ఆడిన సీజన్.

మేం మిల్వాకీ శివార్లలో ఉంటాం. ఈ ఆట నాకు కారులో రేడియో నేర్పింది. 1971 నుంచి బ్రూవర్స్ మ్యాచ్‌లు చెబుతూ వచ్చిన బాబ్ యూకర్ గొంతు వింటూ ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేదాన్ని. 2025 జనవరిలో ఆయన పోయారన్న వార్త విని చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. అది వేరే పోస్టు, ఎప్పుడైనా రాస్తాను.

యెలిచ్ మిల్వాకీకి వచ్చింది 2018 జనవరి 25న. అంతకుముందు మయామీ మార్లిన్స్‌లో ఉండేవాడు. ఆ చలికాలం మయామీ కొత్త యజమానులు జట్టునే విప్పేశారు. స్టాంటన్‌ని న్యూయార్క్‌కి, ఒజూనాని సెయింట్ లూయిస్‌కి పంపేశారు, చివరికి యెలిచ్‌ని మాకిచ్చారు. అంటే ఔట్‌ఫీల్డ్‌లో ఆడే ముగ్గురూ ఆ ఒక్క చలికాలంలోనే వెళ్ళిపోయారు. యెలిచ్ కోసం బ్రూవర్స్ నలుగురు కుర్ర ఆటగాళ్ళను ఇచ్చింది. అందులో లూయిస్ బ్రిన్సన్ మీద ఇక్కడి అభిమానులకు ఎన్నో ఆశలు, కాబట్టి గొణిగినవాళ్ళూ ఉన్నారు. అదే రోజు లొరెంజో కేన్ కూడా మా జట్టుకి వచ్చాడు. బ్యాటింగ్ వరసలో మొదట కేన్, రెండో స్థానంలో యెలిచ్. మిగతా ఏడాదంతా ఆ ఇద్దరి పేర్లూ వరసగా వినడం మాకు అలవాటైపోయింది.

అప్పటికి యెలిచ్ చెడ్డ ఆటగాడేం కాదు. 2014లో గోల్డ్ గ్లవ్ (ఫీల్డింగ్‌కి ఇచ్చే అవార్డు), 2016లో సిల్వర్ స్లగ్గర్ (బ్యాటింగ్‌కి ఇచ్చేది) అందుకున్నాడు. 2016లో 21 హోమ్ రన్లు, 2017లో 18. బ్యాటింగ్ యావరేజ్ 0.280, 0.300 మధ్యలో ఉండేది. క్రికెట్ లెక్క అలవాటైనవాళ్ళకు ఒక మాట. ఇక్కడ యావరేజ్ అంటే పరుగులు కాదు, బ్యాట్ పట్టుకుని నిలబడ్డ పదిసార్లలో ఎన్నిసార్లు హిట్ కొట్టాడన్నది, అంటే బంతి కొట్టి ఔట్ కాకుండా బేస్ చేరాడన్నది (నాలుగు చెడ్డ బంతులు పడితే ఊరికే మొదటి బేస్‌కి వెళ్ళే వాక్‌లూ అవీ లెక్కలోకి రావు). 0.300 అంటే పదికి మూడు.

ఆ వేసవిలో నరసరావుపేట నుంచి నాన్న వచ్చారు. లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి. టీవీలో మొదటి మ్యాచ్ చూసి, "ఇదేం ఆటమ్మా, పదిసార్లలో ఏడుసార్లు ఔటైనవాడిని గొప్పోడంటున్నారు?" అన్నారు. బంతి వేసే చోటు నుంచి బ్యాటర్‌కి అరవై అడుగుల దూరం, బంతి వేగం గంటకి తొంభై అయిదు మైళ్ళు, నేల మీద పడకుండా గాల్లోనే వంకర తిరుగుతుంది, గుండ్రటి బ్యాట్‌తో కొట్టాలి అని చెప్పాను. ఆయన కాగితం తీసుకుని బంతి చేరడానికి ఎంత సమయం పడుతుందో కట్టి చూశారు. సెకనులో సగం కూడా లేదు. ఆ తర్వాత ఇంక ఎగతాళి చేయలేదు. నోట్‌బుక్ ఒకటి తెచ్చుకుని యెలిచ్ బ్యాటింగ్‌కి వచ్చిన ప్రతిసారీ రాసుకోవడం మొదలుపెట్టారు.

జూలైలో, సీజన్ మధ్యలో, ఆల్ స్టార్ విరామం వచ్చేసరికి యెలిచ్ యావరేజ్ 0.292, హోమ్ రన్లు 11. బాగుంది, అంతే. విరామం తర్వాత 0.367, హోమ్ రన్లు 25.

సగం సీజన్‌లో 25!

దీనికి కారణం వెతకని విలేకరి లేడు. నాకు నచ్చిన విషయం ఏమిటంటే, యెలిచ్ స్వింగ్‌ని పడగొట్టి కొత్తగా కట్టుకోలేదు. ఏడాది మొత్తం తీసుకుంటే అతను కొట్టిన బంతుల్లో సగానికి పైగా నేల మీద దొర్లినవే. బంతి బ్యాట్‌ని వదిలే సగటు కోణం ఐదు డిగ్రీల దగ్గర్లో ఉంది, 2017లోనూ దాదాపు అంతే. లాంచ్ యాంగిల్ పాఠం చెప్పేవాళ్ళు చూపించే ఆటగాడు కాదు ఇతను. కానీ గాల్లోకి లేచిన బంతుల్లో మూడింట ఒకటికి పైగా గోడ దాటాయి. ఎందుకంటే అతను బంతిని ముందు నుంచీ గట్టిగా కొట్టేవాడు. మయామీ మైదానం పెద్దది, అక్కడ చాలా బంతులు గోడకి ముందే ఆగిపోయి ఫీల్డర్ చేతిలో పడేవి. మా మిల్వాకీ మైదానం, అప్పటి పేరు మిల్లర్ పార్క్, అలాంటిది కాదు. ఎడమచేతి బ్యాటర్ అయిన యెలిచ్ లెఫ్ట్ ఫీల్డ్ వైపు, అంటే తనకి ఎదురు వైపు, కొట్టిన బంతి కూడా ఇక్కడ గోడ దాటేది. బలం ఎప్పుడో ఉంది. దానికి తగ్గ చోటు, తన ముందు కేన్ లాంటి తోడు, గెలవాలనుకునే జట్టు, ఇరవై ఆరేళ్ళ వయసు కలిసి వచ్చాయి. నా నమ్మకం ఇదే.

ఆగస్టు 29న సిన్సినాటిలో ఆరుసార్లు బ్యాట్ పట్టి ఆరుసార్లూ హిట్ కొట్టాడు. అందులో సింగిల్, డబుల్, ట్రిపుల్ (ఒకటి, రెండు, మూడు బేస్‌ల దాకా చేర్చే హిట్లు), హోమ్ రన్ నాలుగూ ఉన్నాయి. దీన్ని సైకిల్ అంటారు, చాలామంది గొప్పవాళ్ళకి జీవితంలో ఒక్కటీ దొరకదు. మ్యాచ్ పది ఇన్నింగ్స్ దాకా వెళ్ళి 13-12తో గెలిచాం. సెప్టెంబర్ 17న అదే సిన్సినాటి జట్టు మిల్వాకీ వచ్చింది. ఆ రోజు నాన్నని తీసుకుని మైదానానికి వెళ్ళాను. సింగిల్ అయింది, డబుల్ అయింది, హోమ్ రన్ అయింది. మిగిలింది ట్రిపుల్, అన్నిటికంటే అరుదైనది. ఆరో ఇన్నింగ్స్‌లో బంతి కొట్టి యెలిచ్ రెండో బేస్ దాటి పరుగు ఆపకుండా మూడో దానికి దూకుతుంటే, మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కడానికే కష్టపడిన నాన్న అందరికంటే ముందు లేచి నిలబడ్డారు. ఒకే సీజన్‌లో ఒకే జట్టు మీద రెండు సైకిళ్ళు అంతకుముందు ఎవరూ కొట్టలేదు. నోట్‌బుక్‌లో ఆ పేజీ చుట్టూ ఎర్ర ఇంకుతో గీత గీశారు, పిల్లల పేపర్లు దిద్దిన పెన్నుతోనే.

సీజన్ 162 మ్యాచ్‌లు అయ్యేసరికి మా డివిజన్‌లో మేమూ చికాగో కబ్స్ సమానం, చెరో 95 గెలుపులు. ఎవరు పైనో తేల్చడానికి అక్టోబర్ 1న కబ్స్ మైదానం రిగ్లీ ఫీల్డ్‌లో ఇంకొక మ్యాచ్ ఆడాల్సి వచ్చింది. యెలిచ్ మూడు హిట్లు కొట్టాడు, 3-1తో గెలిచాం. ఆ రోజంతా ఆఫీసులో టెన్షన్‌తో ఒక్క పనీ సాగలేదు. చివరికి యెలిచ్ యావరేజ్ 0.326తో మేం ఆడే నేషనల్ లీగ్‌లో మొదటివాడు. బ్రూవర్స్ చరిత్రలో బ్యాటింగ్ టైటిల్ గెలిచిన మొదటి మనిషి. హోమ్ రన్లు 36, లీగ్‌లో అందరికంటే ఎక్కువ 38. ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్ వల్ల జట్టుకి వచ్చిన పరుగులు) 110, అందరికంటే ఎక్కువ 111. ఈ మూడింటిలోనూ మొదటివాడైతే ట్రిపుల్ క్రౌన్ అంటారు, దానికి అంత దగ్గరగా వెళ్ళి ఆగాడు.

ఆ తర్వాత నేషనల్ లీగ్ ఫైనల్‌గా లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌తో ఆడి ఓడిన సిరీస్ గురించి ఎక్కువ రాయలేను. యెలిచ్ ఆ సిరీస్‌లో సరిగా ఆడలేదు. ఏడో మ్యాచ్ మొదటి ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టాడు. ఐదో ఇన్నింగ్స్‌లో మేం ఒక్క పరుగు వెనకబడి, కేన్ రెండో బేస్ మీద ఉండగా, లెఫ్ట్ సెంటర్ వైపు యెలిచ్ గట్టిగా కొట్టిన బంతిని డాడ్జర్స్ ఫీల్డర్ క్రిస్ టేలర్ పరిగెత్తి దూకి పట్టుకున్నాడు. ఆ క్యాచ్ ఇప్పటికీ చూడలేను.

నవంబర్‌లో ఎంవీపీకి, అంటే లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడి అవార్డుకి, మొదటి స్థానం ఓట్లు 30లో 29 యెలిచ్‌కే వచ్చాయి. మిగిలిన ఒకటి న్యూయార్క్ మెట్స్ పిచ్చర్ (బంతి వేసేవాడు) జేకబ్ డిగ్రోమ్‌కి. ఆ ఏడాది డిగ్రోమ్ వేసిన బౌలింగ్ చూసినదాన్ని కాబట్టి ఆ ఓటు వేసినవాళ్ళ మీద నాకు కోపం లేదు. 2019లో యెలిచ్ 44 హోమ్ రన్లతో ఇంకా పైకి వెళ్ళాడు. సెప్టెంబర్‌లో మయామీలోనే తను కొట్టిన బంతి తన మోకాలికే తగిలి చిప్ప విరిగి సీజన్ ఆగిపోయింది. అంకెలు చూసేవాళ్ళు 2019నే గొప్పదంటారు. నేను ఒప్పుకోను. 2019లో యెలిచ్ స్టార్ అని మైదానంలో అందరికీ తెలుసు, ప్రతి పిచ్చర్ జాగ్రత్తగానే వేశాడు. 2018 జూలైలో ఆ సంగతి ఎవరికీ తెలియదు, అది జరుగుతున్నప్పుడు మేం చూశాం.